భూటాన్ ఏరు, ఇండియా అప్పు

భూటాన్‌లో ఎంత మారుమూల పల్లెకు వెళ్ళినా అన్నం కరెంటు కుక్కర్‌లోనే ఉడుకుతూ కనిపిస్తుంది. కూరకు ఇంకో కరెంటు గిన్నె, టీ నీళ్ళకు కెటిల్. పచ్చిమిరపకాయల్నే కూరగాయగా వేసి చీజ్‌తో వండే ఎమా దత్షీ కూడా వాటిలోనే. నాలుగే నాలుగు ఇళ్ళున్న కొండ మీదికి కూడా స్తంభాలు ఎక్కాయి. ఈ కరెంటు దాదాపు అంతా ఏటి నీటి నుంచి తీసిందే. వానాకాలంలో దేశంలో వాడుకోగా మిగిలింది ఇండియాకు అమ్ముతారు. అలాంటి దేశం చలి ముదిరేసరికి అదే ఇండియా దగ్గర కరెంటు కొనుక్కుంటుంది. తిరువూరు నుంచి ఇక్కడి పిల్లలకు లెక్కలు చెప్పడానికి వచ్చిన కొత్తలో ఈ లెక్క నాకు ఒక పట్టాన అంతుపట్టలేదు. తెలుస్తున్న కొద్దీ ఈ దేశం మీద గౌరవం పెరిగింది. మన దేశాన్ని అడగవలసిన ప్రశ్నలూ కొన్ని పుట్టాయి.

తిరువూరులో బెజవాడ బస్సెక్కే మనకు కరెంటు అంటే ఇబ్రహీంపట్నం పొగగొట్టాలు. బొగ్గు ఉన్నంతసేపూ ఎండైనా వానైనా తిరిగే యంత్రాలు అవి. నీటి కరెంటు అంటే నాగార్జునసాగర్. ఎడమ కాలువ చివర ఉన్న మన పొలాల దాకా నీరు చేరినా చేరకపోయినా, సాగర్ మాత్రం వానల నీటిని నెలల తరబడి దాచిపెడుతుంది. భూటాన్ లోయల్లో అంతంత జలాశయాలు లేవు. దేశంలో 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న వాళ్ళు వీళ్ళు, లోయల్ని ముంచడానికి తేలిగ్గా ఒప్పుకోరు. ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టి, నీటిని కొండలో తవ్విన సొరంగంలోకి మళ్ళించి, అవతల వందల మీటర్ల కిందికి దూకిస్తారు. తాలా ప్రాజెక్టు సొరంగం దాదాపు 23 కిలోమీటర్లు, నీరు దూకే ఎత్తు 800 మీటర్ల పైమాటే. ఏరు నిండుగా పారే నెలల్లో యంత్రాలన్నీ తిరుగుతాయి. పైన కొండల్లో నీరు గడ్డకట్టి ఏరు సన్నబడితే ఉత్పత్తి అయిదో వంతుకో, ఇంకా కిందికో పడిపోతుంది. ఇళ్ళలో హీటర్లు పెట్టుకునేది కూడా సరిగ్గా అప్పుడే.

కొనడానికి కారణం ఇంతే. కొనడమైనా అమ్మడమైనా ఒక్క ఇండియాతోనే ఎందుకు అనేది అసలు కథ.

1958లో నెహ్రూ గారు ఇందిరను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు ఈ దేశంలో మోటారు బండి నడిచే రోడ్డు లేదు. సిక్కిం నుంచి నాథులా కనుమ దాటి, టిబెట్‌లోని చుంబీ లోయ మీదుగా పర్వతమార్గాన ప్రయాణించి పారో చేరుకున్నారు. అప్పటి రాజు, ఈ వంశంలో మూడోవారు, జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్. అంతకుముందు సంధులు, వాటి తేదీలు పుస్తకాల్లో బోలెడున్నాయి, వాటిని వదిలేస్తున్నాను. నాకు ముఖ్యంగా కనిపించేది ఆ రాజు నిర్ణయం. ఉత్తరాన టిబెట్‌ను చైనా ఆక్రమించడం చూసి, దక్షిణం వైపు తలుపు తెరిచారు. 1961లో భూటాన్ మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది, దానికి డబ్బు ఇచ్చింది ఇండియా. మన సరిహద్దు రోడ్ల సంస్థ ‘దంతక్’ పేరుతో కొండలు తొలిచి సరిహద్దు నుంచి థింఫూ దాకా రోడ్డు వేసింది. ఆ పనిలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకుముందు ఆ దారి ఆరు రోజుల నడక. 1967లో థింఫూకు 360 కిలోవాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. ఇవాళ మన దగ్గర ఒక పెద్ద ఆసుపత్రికి కూడా ఆ కరెంటు చాలదు.

1974లో నాలుగో రాజు పట్టాభిషేకం జరిగింది. ఆ ఏడే వాంగ్‌ఛు నది మీద చుఖా ప్రాజెక్టుకు రెండు దేశాలూ సంతకాలు చేశాయి. 336 మెగావాట్లు, ఖర్చు దాదాపు 246 కోట్ల రూపాయలు. అందులో 60 శాతం ఇండియా ఇచ్చిన గ్రాంటు, 40 శాతం అప్పు. అప్పుకు వడ్డీ 5 శాతం, గడువు 15 ఏళ్ళు. 1963 నుంచి దాదాపు పదేళ్ళు ఢిల్లీలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూసింది మన విజయవాడ ఎంపీ కె.ఎల్. రావు గారు. చుఖా సంతకాలు ఆయన దిగిపోయాక జరిగాయి. అయినా నదిని దేశానికి ఆస్తిగా చూసే ఆ తరం ఇంజనీర్ల చూపు నాకు ఈ ఒప్పందంలో కనిపిస్తుంది.

మన వైపు మామిడి తోటలున్నవాళ్ళకు ఈ ఒప్పందం తేలిగ్గా అర్థమవుతుంది. పూత మీదే వ్యాపారి వచ్చి తోట తిరిగి చూస్తాడు. మందులకు, దుక్కికి డబ్బు ముందే చేతిలో పెడతాడు. కాయ దిగాక అది అతని బండికే ఎక్కాలి, ధర అతను కట్టిందే. చుఖాలో ఆ వ్యాపారి ఇండియా. అయితే ఈ వ్యాపారి పూత చూసి రాలేదు. చెట్టే లేని నేల మీదికి వచ్చి, తోట వేయడానికయ్యే ఖర్చులో నూటికి 60 రూపాయలు తిరిగి అడగనని ఇచ్చాడు. మేస్త్రీనీ కూలీలనూ తనే తెచ్చాడు. కాపు మొదలయ్యాక ఇంటికి కావలసినన్ని పళ్ళు ఉంచుకుని మిగిలినవి నాకు అమ్మమన్నాడు. రైతుకు వేరే సంత లేదు. ఉత్తరాన మంచు కొండలు, మిగతా మూడు వైపులా ఇండియా. ధర పెంచమని అడగడమే గాని, ఇంకో మండీకి తోలుకుపోతానని బెదిరించే వీలు లేదు. అయినా ఈ రైతు ఓపికగా కూర్చుని, యూనిట్‌కు పైసల్లో మొదలైన ధరను విడతలు విడతలుగా రూపాయల్లోకి తెచ్చుకున్నాడు. కాపు లేని నెలల్లో ఆ వ్యాపారి దగ్గరే పళ్ళు కొనుక్కోవడం మాత్రం తప్పలేదు. చిన్నరసాలైతే నాలుగు రోజులు గడ్డిలో మగ్గబెట్టి ధర కోసం ఆగవచ్చు. కరెంటు అలా ఆగదు. ఆ క్షణాన అమ్ముడుపోకపోతే నీరు అలా కిందికి పారిపోవలసిందే.

మామిడి మాట ఎత్తాను గనుక చెబుతాను. మే నెలలో థింఫూ బజారులోనూ మామిడి పళ్ళు ఉంటాయి, సరిహద్దు దాటి బెంగాల్ వైపు నుంచి వస్తాయి. తీపిగానే ఉంటాయి. కానీ ముచ్చిక తుంచి, పిసికి, రసం మోచేతుల దాకా కారుతుండగా పీల్చుకునే పండు ఇక్కడ దొరకదు. ఆవకాయ ముక్కలు కొట్టించే రోజుల్లో ఇంటికి ఫోను చేస్తే కత్తిపీట చప్పుడు వినిపిస్తుంది. ఆ రోజంతా పాఠం మీద మనసు నిలవదు.

చుఖాను 1988లో మన రాష్ట్రపతి వెంకటరామన్ గారు, భూటాన్ రాజు కలిసి ప్రారంభించారు. కొన్నేళ్ళకు అది పూర్తిగా భూటాన్ చేతికి వచ్చింది. ఆ కరెంటు డబ్బుతోనే ఈ దేశం బడులు, ఆసుపత్రులు నడుపుకుంది. ఇక్కడ పదో తరగతి దాకా చదువు ఉచితం, వైద్యం ఉచితం. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశం, పరిశ్రమలు పెద్దగా లేని దేశం, ఇది చేయగలిగిందంటే చుఖా ఒప్పందంలోని ఆ 60 శాతమే పునాది. బయటి దేశానికి ఇండియా చేసిన మేళ్ళలో ఇంత శుభ్రమైనది నాకు ఇంకోటి తెలియదు.

తర్వాత అదే నది మీద, చుఖాకు దిగువన, 1020 మెగావాట్ల తాలా వచ్చింది. వాటాలు మళ్ళీ 60, 40. వడ్డీ మాత్రం 9 శాతానికి పెరిగింది. 2006, 2007లలో యంత్రాలు తిరిగాయి. యూనిట్ 1 రూపాయి 80 పైసలకు అమ్మారు. ఆ కరెంటును ఢిల్లీ వైపు మోసుకుపోయే లైన్లలో టాటా పవర్ కూడా పెట్టుబడి పెట్టింది. ఢిల్లీలో ఫ్యాన్ కింద కూర్చునేవాళ్ళలో ఎందరికి ఆ గాలి వెనక వాంగ్‌ఛు నీరు ఉందని తెలుసు?

తాలా ఫలితం చూసి రెండు ప్రభుత్వాలకూ ఆశ పెరిగింది. 2020 నాటికి 10,000 మెగావాట్లు కడదామని 2009లో రాసుకున్నారు. అంత జరగలేదు. అదే సమయంలో షరతులు బిగుసుకున్నాయి. పునత్సాంగ్‌ఛు నది మీది పునత్సాంగ్‌ఛు-1 ప్రాజెక్టుకు గ్రాంటు 40 శాతానికి దిగింది. పునత్సాంగ్‌ఛు-2కు, 720 మెగావాట్ల మాంగ్దెఛుకు 30 శాతమే. మిగిలిన 70 శాతం అప్పు, దాని మీద 10 శాతం వడ్డీ. ఆ వడ్డీ కూడా ప్రాజెక్టు ఖర్చులోనే కలుస్తుంది, ఖర్చును బట్టి కరెంటు ధర కడతారు. 2019లో ప్రారంభమైన మాంగ్దెఛు కరెంటు ధర యూనిట్‌కు 4 రూపాయల 12 పైసలు. వడ్డీ ఢిల్లీకి చేరుతుంది, ఆ బరువు మన కరెంటు బిల్లులోకి వస్తుంది. గ్రాంటు తగ్గించి ఇండియా ఏం మిగుల్చుకుందో నాకు తేలలేదు.

2012లో ఇక్కడ రూపాయలకు కరువొచ్చింది. భూటాన్ నోటు ఙుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానమే, కానీ ఇండియాలో సరుకు కొనాలంటే రూపాయలే కావాలి. ప్రాజెక్టుల సిమెంటు, ఇనుము, కూలీలు, డీజిల్ అంతా ఇండియా నుంచే వస్తుంటే, కరెంటు అమ్మిన రూపాయలు చాలలేదు. బ్యాంకులు కార్లకు, ఇళ్ళకు అప్పులు ఆపేశాయి. మరుసటి ఏడాది, సరిగ్గా ఎన్నికల వేళ, వంటగ్యాసు, కిరోసిన్ మీద ఇచ్చే సబ్సిడీని ఇండియా నిలిపేసింది. కొన్నాళ్ళకు మళ్ళీ ఇచ్చింది. అయినా ఆ సంగతి ఇక్కడివాళ్ళు మరిచిపోలేదు. నా ఎదుట ఎవరూ కోపంగా అనలేదు, వీళ్ళ మర్యాద అలాంటిది. అందుకే నాకు మరింత బాధ.

అదే 2013లో పునత్సాంగ్‌ఛు-1 ఆనకట్ట దగ్గర కుడివైపు కొండ జారడం మొదలుపెట్టింది. 2008లో దాదాపు 3,500 కోట్ల అంచనాతో మొదలైన పని అది. ఏళ్ళు గడిచాయి, ఖర్చు రెండింతలు దాటింది. పునత్సాంగ్‌ఛు నదికి ఎగువన మంచు కరిగి నిండిన చెరువులున్నాయి. 1994 అక్టోబరులో వాటిలో ఒకటి, లుగ్యే చెరువు, తెగి పునాఖా కోట దాకా వరద వచ్చింది, మనుషులు చనిపోయారు. ఇలాంటి నది మీద 1200 మెగావాట్లు కట్టేటప్పుడు కొండ లోపలి రాయిని ఇంకా ఎక్కువ కాలం పరీక్షించవలసింది అనేది నా గట్టి అభిప్రాయం. కొండ జారితే నష్టం ఇద్దరిదీ. వడ్డీ మాత్రం భూటాన్ ఒక్కదాని ఖాతాలో పెరుగుతుంది.

ఈ దేశం ఇండియా ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేదు. ఆస్ట్రియా కూడా కొండల దేశమే. ఆ దేశపు సాయంతో బాసోఛు ప్రాజెక్టు కట్టుకున్నారు. దగాఛు ప్రాజెక్టుకు ఆసియా అభివృద్ధి బ్యాంకు, ఆస్ట్రియా బ్యాంకు అప్పులిచ్చాయి, టాటా పవర్ 26 శాతం వాటా తీసుకుంది, ఇక్కడి ఉద్యోగుల పింఛను నిధి కూడా డబ్బు పెట్టింది. కార్బన్ క్రెడిట్ల కోసం ప్రపంచంలోనే రెండు దేశాల మధ్య నమోదైన మొదటి ప్రాజెక్టు అది. పల్లెలకు లైన్లు వేయడానికి జపాన్, ఆసియా బ్యాంకు అప్పులిచ్చాయి. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం కూడా జపాన్ అప్పుతోనే కదా కట్టుకున్నాం. రూబెసాలో ఆసియా బ్యాంకు డబ్బుతో రెండు గాలిమరలు నిలబడ్డాయి. ఇప్పుడు 1125 మెగావాట్ల దోర్జీలుంగ్‌కు టాటా పవర్ భాగస్వామిగా, ప్రపంచ బ్యాంకు వెనక నిలబడేలా ఏర్పాటు చేసుకున్నారు. ఒక్క వ్యాపారికే తోట రాసివ్వకూడదని వీళ్ళు నేర్చుకున్నారు, అది మంచిదే. కరెంటు చివరికి పారేది మాత్రం ఇండియాలోకే.

2025 నవంబరులో పునత్సాంగ్‌ఛు-2ను ప్రధాని మోదీ, రాజు కలిసి ప్రారంభించారు. పునత్సాంగ్‌ఛు-1 ఆనకట్ట పని మళ్ళీ మొదలుపెట్టాలని కూడా అప్పుడే అనుకున్నారు. ఆ పని ఆగిన ఏళ్ళకు పడిన వడ్డీని ఇండియా వదులుకోవాలి. ఇకమీద కట్టే వాటికి చుఖా నాటి వాటాలనే, 60 గ్రాంటు, 40 అప్పు, తక్కువ వడ్డీ, మళ్ళీ తేవాలి. ఈ మాట భూటాన్‌వాళ్ళు బహిరంగంగా అడగరు. ఆ కరెంటు వాడుకునే దేశపు ఓటర్లు మీరు. మీ ఎంపీ ఎదురైనప్పుడు ఊరి రోడ్డు సంగతితో పాటు ఇదీ అడగండి.