లైబ్రరీ కోర్సులోకి కంప్యూటర్ ఎలా వచ్చింది?

ఆన్‌లైన్‌లో చెప్పులు కొనేటప్పుడు సైజు, రంగు, ధర అని పక్కన ఫిల్టర్లు పెట్టుకుంటాం కదా. ఒక వస్తువును ఒకే అరలో ఇరికించకుండా, దాని లక్షణాలను విడివిడిగా పట్టుకుని వెతకడం అన్నమాట. పుస్తకాల విషయంలో ఈ పని 1933లోనే చేసి చూపించినాయన మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన అసలు లెక్కల మాస్టారు. 1924లో లైబ్రేరియన్ అయ్యి, లండన్‌లో చదువుకుంటున్నప్పుడు ఒక షాపులో మెకానో అనే పిల్లల ఆట సెట్ చూశారు. ముక్కలు అవే, కలిపే తీరు మారితే బొమ్మ మారిపోతుంది. కోలన్ క్లాసిఫికేషన్ ఆలోచన అక్కడే తట్టింది. బీటెక్ చదివిన నాకైతే ఇది అచ్చంగా డేటా మోడలింగే!

మరి ఇలాంటి సబ్జెక్టులోకి కంప్యూటర్ పక్క గుమ్మం నుంచి ఎందుకొచ్చింది?

మన దేశంలో లైబ్రరీ ట్రైనింగ్ 1911లో బరోడాలో మొదలైంది, నేర్పింది అమెరికా నుంచి వచ్చిన విలియం బోర్డెన్. ఆంధ్రా యూనివర్సిటీ 1935లో కోర్సు పెట్టింది. తర్వాత స్థిరపడిన బీఎల్‌ఐఎస్సీ పేరుకే బ్యాచిలర్ డిగ్రీ. మామూలుగా అది ఏదో ఒక డిగ్రీ అయ్యాక చేసే ఒక్క ఏడాది చదువు. ఈ 'ఒక్క ఏడాది' గుర్తుపెట్టుకోండి, గొడవంతా అక్కడే.

ఇప్పుడు కాసేపు అమెరికా వెళ్దాం. 1965లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ చేరారు. ఆవిడ ప్రోగ్రామర్, లైబ్రరీ డిగ్రీ లేదు. కేటలాగింగ్ ఎలా చేస్తారో కూర్చుని నేర్చుకుని, కార్డు మీదున్న ప్రతి ముక్కకీ ఒక నంబరు ఇచ్చారు. అదే మార్క్ ఫార్మాట్. 100 అంటే రచయిత, 245 అంటే పుస్తకం పేరు, 650 అంటే విషయం. ఒక లైబ్రరీ ఎక్కించిన రికార్డును ఇంకో లైబ్రరీ అలాగే వాడుకోవచ్చు. 1968కల్లా ట్రయల్ పూర్తయింది. ప్రోగ్రామింగ్, కేటలాగింగ్ ఒకే బుర్రలో కలిస్తేనే ఇది సాధ్యమైంది, చూశారా?

మన దగ్గర రంగనాథన్ దాదాపు 70 ఏళ్ళ వయసులో, 1962లో, బెంగళూరులో డీఆర్‌టీసీ అనే శిక్షణ కేంద్రం పెట్టారు. తర్వాత 1985లో యునెస్కో సీడీఎస్ ఐసిస్ అనే సాఫ్ట్‌వేర్‌ను మామూలు పీసీలో నడిచేలా విడుదల చేసింది, అదీ ఉచితంగా. మన లైబ్రరీ విద్యార్థుల్లో చాలామంది మొదట చూసిన డేటాబేస్ అదే. 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వచ్చింది. 2001లో యూజీసీ మోడల్ సిలబస్‌లో ఐటీకి మంచి చోటే దొరికింది.

కానీ ఏడాదిలో ఎన్ని పేపర్లని పడతాయి? అందుకే చాలాచోట్ల కంప్యూటర్ విడిగా ఒక పేపరైంది. ఒక క్లాసులో కేటలాగ్ కార్డును చేత్తో రాయడం, ఇంకో క్లాసులో సీపీయూ భాగాలు బట్టీ పట్టడం. ఈ రెండూ ఒకటేనని చెప్పేవాళ్ళు లేరు. డిగ్రీ పట్టుకుని కాలేజీలో చేరిన అమ్మాయికి ఇచ్చేది కార్డుల డ్రాయర్ కాదు, సాఫ్ట్‌వేర్ లాగిన్. ఆ మొదటి నెలలో తడబడితే "దీనికీ ఒక డిగ్రీనా" అనేస్తారు.

చేత్తో రాయడం దండగ అని నేను అనను. రూల్స్ అలాగే ఒంటబడతాయి. కాకపోతే రాసిన కార్డునే అదే రోజు 100లో, 245లో ఎక్కించాలి. డబ్బుల్లేవు అనే సాకు సగమే నిజం. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన కోహా ఓపెన్ సోర్స్, ఫ్రీ. ఖర్చంతా సర్వర్‌కీ, దాన్ని చూసుకునే మనిషికీ. క్లాసులో నేర్చుకోవడానికైతే లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్ చాలు. వచ్చే ఎపిసోడ్‌లో అదే చేద్దాం, ఇంట్లో ఉన్న పది పుస్తకాలు పక్కన పెట్టుకోండి.