ఓడిపోవడం నేర్చినవాళ్లు

గెలవడానికి సాధన కావాలని అందరికీ తెలుసు. ఓడిపోవడానికి కూడా సాధన చేసి, ఆ విద్యతోనే పొట్టపోసుకున్నవాళ్లు ఉన్నారంటే నమ్ముతారా? ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో అలాంటి జాతి ఒకటి ఉండేది. వాళ్లని హస్లర్లు అనేవారు. వాళ్ల ఆట పూల్. పచ్చగుడ్డ పరిచిన బల్ల, దాని అంచుల్లో ఆరు జేబులు, రంగురంగుల బంతులు, చేతిలో పొడవాటి కర్ర. మన పాత సినిమాల్లో విలన్ గారు సిల్కు గౌను తొడుక్కుని, బంతిని గురిచూస్తూ అనుచరులకి ఉత్తర్వులిస్తుంటాడే, ఆ బిలియర్డ్స్‌కి దగ్గర చుట్టం. ఆ కుటుంబంలోదే స్నూకర్ 1875లో మన జబల్‌పూర్‌లోనే, తెల్ల సైనికాధికారుల మెస్సులో పుట్టింది.

పూల్ అనే పేరులోనే పందెం ఉంది. నలుగురూ కలిపి వేసిన పందెం సొమ్ముకి ఆ పేరు. పందొమ్మిదో శతాబ్దంలో పూల్‌రూమంటే గుర్రప్పందాలు కాసే చోటు. ఒక పందానికీ మరో పందానికీ మధ్య జనానికి పొద్దుపోవాలిగా, అందుకని అక్కడ బిలియర్డ్స్ బల్లలు వేశారు. గుర్రాలు పోయాయి, బల్లలు మిగిలాయి. వాటితోపాటు పేరూ, చెడ్డపేరూ మిగిలాయి. మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్లు ఆ గడప తొక్కేవారు కారు.

సరే, హస్లర్ చేసే పనేమిటి? కొత్త ఊళ్లో దిగుతాడు. తన కర్ర బయటికి తియ్యడు. తీస్తే గుట్టు తెలిసిపోతుంది కదా! గోడకున్న కర్రల్లో ఏదో ఒకటి అందుకుంటాడు. చిన్న పందెంతో మొదలుపెట్టి ఓడతాడు. మళ్లీ ఓడతాడు. అయితే మరీ చేతకానివాడిలా ఓడకూడదు. బంతి జేబు అంచుదాకా వెళ్లి, తగిలీ తగలనట్టు తప్పాలి. చూసేవాళ్లకి "పాపం, అదృష్టం లేదు" అనిపించాలి. ఎదుటివాడికి "నా ముందు వీడెంత" అనిపించాలి. పందెం పెరిగేదాకా ఈ నటన సాగుతుంది. ఆ తరవాత గెలుస్తాడు, అదీ వెంట్రుకవాసిలో. చిత్తుగా ఓడిస్తే ఎదుటివాడు మళ్లీ ఆడడు కదా. ఒక్కోసారి ఇద్దరు జతగాళ్లు ఒకరినొకరు ఎరగనట్టు ఊళ్లోకి వచ్చి, చూసేవాళ్ల చేత పందాలు కాయించి, కావాలని ఓడిపోయి, రాత్రికి ఊరవతల డబ్బు పంచుకునేవారు. నెడ్ పోల్స్కీ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతులన్నీ పరిశీలించి 1967లో పుస్తకంగా వేశాడు. వడ్రంగం గురించో, దర్జీపని గురించో చెప్పినంత శ్రద్ధగా చెప్పాడాయన.

నాకైతే ఇది చదివినప్పుడల్లా విరాటపర్వమే గుర్తుకొస్తుంది. భీముడు గరిటె పట్టుకున్నాడు, అర్జునుడు కాళ్లకి గజ్జె కట్టాడు. బయటపడితే మళ్లీ పన్నెండేళ్ల అరణ్యవాసం. పాండవులకి ఆ బాధ ఏడాదితో తీరింది. హస్లర్‌కి బతుకంతా అజ్ఞాతవాసమే. ఒక ఊళ్లో గుర్తుపట్టారంటే ఇక ఆ ఊరి తలుపు మూసుకున్నట్టే, పక్క ఊరికి ప్రయాణం కట్టాలి.

ఆ ప్రయాణాల్లో మనం చూడవలసిన మనిషి మరొకరున్నారు. రుడాల్ఫ్ వాండరోన్ అనే లావుపాటి హస్లర్ 1941లో ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణాన ఎవలిన్ అనే ఆవిణ్ణి పెళ్లాడాడు. ఒళ్లు వంచి పని చెయ్యకపోవడమే ఆయనగారు గొప్పగా చెప్పుకునే సంగతి. మరి ఊరూరా తిరగడం ఎలా? కారు నడిపేది ఎవలిన్. పెట్టెలు మోసేది ఎవలిన్. దారిలో టైరు పంక్చరైతే మార్చేది కూడా ఆవిడే! యుద్ధకాలంలో నార్ఫోక్ రేవు నావికుల జీతాలతో కళకళలాడుతుంటే హస్లర్లంతా అక్కడికి చేరారు. మన వాండరోన్ కూడా వెళ్లాడు. చరిత్రలో పందాల లెక్కలు ఎన్నో మిగిలాయి. ఆవిడ మార్చిన టైర్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఈ విద్యని చంపింది పోలీసులు కాదు, కీర్తి. వాల్టర్ టెవిస్ 1959లో 'ది హస్లర్' నవల రాస్తే, 1961లో పాల్ న్యూమన్‌తో సినిమా వచ్చింది. అందులో హీరో కోపంలో తన అసలు ఆట చూపించేస్తాడు, వాళ్లు అతని బొటనవేళ్లు విరిచేస్తారు. సినిమాలో మినెసోటా ఫ్యాట్స్ అనే పాత్ర ఉంది. అది నేనే అని వాండరోన్ ప్రకటించుకున్నాడు. నేను కల్పించిన పాత్ర మహాప్రభో అని టెవిస్ మొత్తుకున్నా వినేవాడెవడు? పేరొచ్చింది, టీవీ వచ్చింది. కానీ ముఖం తెలిసిన హస్లర్‌తో పందెం కాసే పిచ్చివాడెవడు? ఇక మిగిలింది ప్రదర్శనలూ, కబుర్లూ. 1978లో విల్లీ మస్కోనీతో టీవీలో పోటీ పెట్టారు. మస్కోనీ పదిహేనుసార్లు ప్రపంచ ఛాంపియను, హస్లర్లంటే గిట్టని పెద్దమనిషి. ఆయనే గెలిచాడు. 1985లో ఎవలిన్ విడాకులు పుచ్చుకుంది. 1996లో వాండరోన్ పోయాడు.

మోసగాళ్ల కథ మనకెందుకంటారా? చేతనైనదాన్ని చేతకానట్టు దాచడం మనకి మాత్రం కొత్తా? పెళ్లిచూపుల్లో "పాట ఏదో కొద్దిగా వచ్చు" అన్నప్పుడు మొదలవుతుంది. ఆయన లెక్క తప్పు కూడితే తెలిసీ ఊరుకుంటాం. క్యారమ్స్‌లో రాణిని కావాలనే వదిలేస్తాం. వెంట్రుకవాసిలో తప్పేటట్టు గురిచూడడం మనకీ వచ్చు. తేడా అల్లా ఒకటే. హస్లర్ పందెం పెద్దదయ్యాక అసలు చేయి చూపిస్తాడు. మనం ఇంట్లో శాంతి కోసం ఓడుతూనే ఉంటాం, ఆ ఆఖరి ఆట రానేరాదు.

అదే దేశంలో, అదే ఆటలో జీన్ బలూకస్ అనే అమ్మాయి ఉంది. 1969లో తొమ్మిదేళ్ల పిల్ల యు.ఎస్. ఓపెన్ పోటీలో పెద్దవాళ్ల సరసన నిలబడింది. 1972 నుంచి వరసగా ఏడేళ్లు ఆ మహిళల టైటిల్ ఆమెదే. ఎవరి మనసు నొచ్చుకుంటుందో అని ఒక్క బంతీ తప్పించలేదు. హస్లర్ల కథలు చెప్పుకుని నవ్వుకుందాం, తప్పులేదు. మన ఆడపిల్లలకి మాత్రం ఈ అమ్మాయి కథే చెబుదాం.