పది వేలల్ల ఏ మైకు కొనాలె? వందేళ్ల చరిత్ర చెప్పే జవాబు

ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నేను పాడుత, గిటార్ వాయిస్త. ఇంట్లనే రికార్డు చేసుకోవాలె. పది వేల లోపల ఏ మైకు తీసుకోవాలె?" కరీంనగర్ నుంచి అడుగుతరు, జగిత్యాల నుంచి అడుగుతరు, మంచిర్యాల, ఆదిలాబాద్ నుంచి అడుగుతరు. నాలుగు పేర్లు చెప్పి లింకులు పెడితే రెండు నిమిషాల్లో వీడియో అయిపోతది. కానీ నేను బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసినోన్ని. ఒక వస్తువు ఇట్ల ఎందుకు తయారైందో తెలియకుండ కొనమంటే నాకు మనసొప్పదు. అందుకే ఇయ్యాల మైకు చరిత్ర చెప్త. అది వింటే మీకు ఏది కావాలో మీకే అర్థమైతది.

మొదలు 1902కు పోదాం. ఆ ఏడాది నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజినీరు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసిండు. అప్పుడు రికార్డింగుకు మైకు లేదు, కరెంటు లేదు. ఒక పెద్ద రేకు బూర ఉంటది. పాడేవాళ్లు దాని నోట్లో తలపెట్టినంత దగ్గరికి పోయి గట్టిగ పాడాలె. ఆ గాలి ఒత్తిడికి బూర చివర ఉన్న పలుచటి బిళ్ల కదులుతది, దానికి ఉన్న సూది మైనం మీద గీత గీస్తది. అంతే. ఒక్కో రికార్డుకు సుమారు మూడు నిమిషాలు. పాట చివర గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో గట్టిగ చెప్పేది. ఎందుకంటే ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడివాళ్లకు ఏది ఎవరి పాటో తెలవాలె కదా.

ఈ పద్ధతిలో గట్టి గొంతుకే బతుకుంది. మెల్లగ పాడేటోళ్ల పాట మైనం మీద పడదు. గిటార్ లాంటి మెత్తటి వాయిద్యం సరిగ్గ వినపడదు. వయొలిన్‌కు కూడా రేకు బూర తగిలించి వాయించేవాళ్లు, దాన్నే స్ట్రో వయొలిన్ అంటరు. అంటే యంత్రం మనిషికి తగ్గట్టు లేదు, మనిషే యంత్రానికి తగ్గట్టు అరవాలె.

1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో ఎడ్వర్డ్ వెంటే అనే శాస్త్రవేత్త కండెన్సర్ మైకు తయారుచేసిండు. సూత్రం మనం చదువుకున్న కెపాసిటరే. రెండు రేకులు పక్కపక్కన ఉంటయి. అందులో ఒకటి చాలా పలుచన. గొంతు తగలంగనే అది వణుకుతది, రెండింటి మధ్య ఖాళీ మారుతది, దాంతో కరెంటు సిగ్నల్ మారుతది. 1925 నాటికి గ్రామఫోన్ కంపెనీలు బూరలు పక్కన పెట్టి మైకులతో రికార్డు చెయ్యడం మొదలుపెట్టినయి.

దీంతో మారింది ధ్వని నాణ్యత ఒక్కటే అనుకోకండి. పాడే తీరే మారిపోయింది. అమెరికాలో బింగ్ క్రాస్‌బీ లాంటివాళ్లు చెవి దగ్గర ముచ్చట చెప్పినట్టు పాడి పేరు తెచ్చుకున్నరు. మన దగ్గర 1935లో హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం కింద దక్కన్ రేడియో, 1938లో మద్రాసు ఆకాశవాణి మొదలైనయి. రావు బాలసరస్వతీ దేవి లాంటి సన్నని, మెత్తని గొంతులు ఇంటింటికి చేరినయి. మనం లలిత సంగీతం అంటున్నమే, అది మైకు లేకుంటే అంత దూరం పోయేది కాదు.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. వేములవాడ దగ్గర హన్మాజీపేట అనే ఊరుంది. అప్పటి కరీంనగర్, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా. సినారె పుట్టింది ఆ ఊర్లనే. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు కూడా ఆ ఊరాయనే. ఒగ్గు కథ అంటే డోలు దరువు మధ్య నుంచి గొంతు లేవాలె, ఆరుబయట కూసున్న ఊరందరికీ వినపడాలె. ఆ కళ మైకు కంటే ముందటిది. అదే ఊరి సినారె 1962లో గులేబకావళి కథ సినిమాకు పాటలు రాసిండు. ఘంటసాల, సుశీల మైకు ముందు నిలబడి వాటిని ఎంతో మెల్లగ, ఊపిరి కూడా వినపడేటట్టు పాడిండ్రు. ఒకే ఊరి నుంచి రెండు రకాల పాట. ఒకటి జనం దాకా పోయే గొంతు. ఇంకోటి మైకు దాకా పోతే చాలనుకునే గొంతు. మీ గొంతు ఏ రకమో ముందు మీరు తెలుసుకోవాలె, ఎందుకంటే మైకు ఎంపిక అక్కడే మొదలైతది.

రెండో సంగతి గది. 1986లో ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. గోండి కార్యక్రమాలు కూడా వినిపించిన కేంద్రం అది. రేడియో స్టూడియో ఎట్లుంటదో ఎవరన్నా చూసినోళ్లను అడగండి. మందపాటి తలుపులు, చప్పుడును మింగే గోడలు, బయటి మోత లోపలికి రాదు. అంత ఖర్చు మైకు కోసం కాదు, మైకు చుట్టూ ఉన్న గాలి కోసం. ఇప్పుడు మన ఇల్లు చూసుకోండి. నున్నటి గోడలు, కింద బండలు, పైన ఫ్యాను. రామగుండం వైపు మే నెలల కూలర్ బంద్ చేస్తే మనిషే ఉండలేడు. సిరిసిల్లలో పక్క సందులో సాంచాలు నడుస్తనే ఉంటయి. మీరు స్టూడియోలో వాడే మైకే కొన్నరనుకోండి. అది మీ పాటతో పాటు కూలర్‌ను, సాంచాలను, కుక్కర్ విజిల్‌ను కూడా అంతే శ్రద్ధగ రికార్డు చేస్తది.

ఇక్కడ చాలామంది ఒక సలహా ఇస్తరు. కండెన్సర్ వద్దు, డైనమిక్ తీసుకో, అది గది చప్పుడు వినదు అని. ఇది సగమే నిజం. డైనమిక్ మైకుల్లో అందరికీ తెలిసింది షూర్ ఎస్‌ఎం 58. అది 1966లో వచ్చింది, దాని అన్న ఎస్‌ఎం 57 అంతకు ఒక ఏడాది ముందు. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్ అని అర్థం. స్టూడియో కోసం తయారుచేస్తే అది ప్రపంచమంతా స్టేజీల మీదికి ఎక్కింది. దాంట్ల పలుచటి పొరకు సన్నటి తీగచుట్ట అంటి ఉంటది, అది అయస్కాంతం మధ్యల కదిలి కరెంటు పుట్టిస్తది. గట్టిది, కింద పడ్డా తట్టుకుంటది. కానీ అది గది చప్పుడు వినకపోవడానికి అసలు కారణం లోపలి తీగచుట్ట కాదు. మనం దాన్ని పెదాలకు ఆనించినంత దగ్గర పట్టుకుంటం కాబట్టి. రెండింటినీ ఒకే దూరంలో పెడితే, రెండూ ముందువైపు నుంచి వినే మైకులే అయితే, గది ఇంచుమించు ఒకేలా వినిపిస్తది.

లెక్క ఏందంటే, మైకు నుంచి నోటి దూరం రెండింతలు చేస్తే నేరుగ వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతది. గది ప్రతిధ్వని మాత్రం ఉన్నట్టే ఉంటది. బెత్తెడు దూరం నుంచి మూరెడు దూరం పోయిన్రంటే మీ పాటలో గది ఎక్కువ, మీరు తక్కువ. బూరలో తలపెట్టిన గౌహర్ జాన్ కాలం నుంచి ఇయ్యాల్టి దాకా మారనిది ఈ ఒక్కటే. దూరమే అన్నింటికంటే పెద్ద మైకు.

ఇంకో రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి, డబ్బులు మిగులుతయి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ ఎలెక్ట్రెట్ మైకు తయారుచేసిండ్రు. కండెన్సర్‌కు కావాల్సిన విద్యుత్ ఆవేశాన్ని పొరలోనే శాశ్వతంగ దాచిపెట్టిండ్రు. దాంతో మైకు చిన్నగ, చవకగ అయింది. మీరు చొక్కాకు పెట్టుకునే కాలర్ మైకు ఆ ఇంటి పిల్లనే.

రెండోది 1966. జర్మనీకి చెందిన నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకు వైరులోంచే కరెంటు పంపే పద్ధతి చేసింది. ఆ రేడియో వాళ్ల దగ్గర ఎమర్జెన్సీ లైట్ల కోసం 48 వోల్టుల సప్లై అప్పటికే ఉంది. అందుకే 48 వోల్టులు అని ఖరారైంది. ఇయ్యాల్టికీ అదే నడుస్తున్నది, దాన్నే ఫాంటమ్ పవర్ అంటరు. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలకు స్టాండు, నురగ టోపీ, వైరు అన్నీ కలిపి ఒక పెద్ద మైకు దొరుకుతది చూడండి. దాన్ని నేరుగ ల్యాప్‌టాప్ చెవి పిన్నులో పెడితే సన్నగ, బుస్సుమని వస్తది. ఆ పిన్నులో 48 వోల్టులు ఉండవు కాబట్టి. నార్వే లైట్ల కథ తెలిస్తే ఈ మైకు మీద డబ్బులు పెట్టరు.

సరే, ఇప్పుడు జేబు సంగతి. ధరలు మారుతుంటయి, నేను చెప్పేది అంచనా.

వెయ్యి అటూ ఇటూ ఉంటే ఫోను, ఒక వైరు కాలర్ మైకు. బెత్తెడు దూరంలో పెట్టి పాడండి. నేర్చుకునేదానికి ఇది చాలు.

పది వేల లోపల ఉండి, ఇల్లు మోతగ ఉంటే, రెండు మూడు వేల డైనమిక్ మైకు, నాలుగైదు వేల చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. నోటికి నాలుగు వేళ్ల దూరం, మధ్యల పాప్ ఫిల్టర్. గిటార్‌కు అయితే పెద్ద రంధ్రం ముందు పెట్టకండి, బుంబుం అంటది. పన్నెండో ఫ్రెట్ దగ్గరికి గురిపెట్టి జానెడు దూరంలో పెట్టండి. స్ట్రమ్మింగ్ మంచిగ వస్తది. వేళ్లతో మెల్లగ మీటితే మాత్రం గెయిన్ పెంచాల్సి వస్తది, బుస చప్పుడు కూడా పెరుగుతది.

మీ గొంతు మెత్తటిది, గిటార్ మీటుడు ఎక్కువ, రాత్రి పదకొండు తర్వాత ఇల్లు నిశ్శబ్దం అంటే, అప్పుడు యూఎస్‌బీ కండెన్సర్. ఇంటర్‌ఫేస్ ఖర్చు ఉండదు. కానీ ఫ్యాను, కూలర్ బంద్. వెనుక తాడు కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. అమ్మమ్మ కుట్టిన పాత బొంత, కొన్న పలుచటి నురగ పలకల కంటే బాగ పనిచేస్తది, ఎందుకంటే అది మందం. రికార్డింగులో గుయ్ మనే చప్పుడు వస్తే ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. చాలా ఇండ్లల్ల ఎర్తింగు సరిగ్గ ఉండదు.

ఒక మైకుతో పాట, గిటార్ రెండూ ఎట్ల అంటరా? ముందు గిటార్, తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని దాని మీద పాట. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్టు ఇంట్లనే కూసుని ఒకదాని మీద ఒకటి రికార్డు చేసిండు. 1957లో ఆయన కోసం యాంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం చేసి ఇచ్చింది. అప్పుడది మామూలు మనిషి కొనగలిగిన యంత్రం కాదు. ఇప్పుడు ఆ పని మీ ఫోన్‌లో ఉచిత యాప్ చేస్తది.

ఇంకో మాట చెప్పాలె. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఉండి గోండుల కథలు సేకరించిండు. 1948లో పుస్తకం వచ్చింది. ప్రధాన్ గాయకులు కిక్రీ వాయించుకుంట పాడే కథల మాటలు కాగితం మీద నిలిచినయి. కిక్రీ తీగ మోత మాత్రం ఏ కాగితం మీద నిలుస్తది? కిక్రీ వాయించే పెద్దమనుషులు మన జిల్లాల్లో ఇంకా ఉన్నరు. బతుకమ్మ పాటలు మొదలు నుంచి చివరి దాకా వచ్చిన అవ్వలు మన వాడలనే ఉన్నరు. వాళ్లు మీరు మంచి మైకు కొనేదాకా ఆగరు.

అందుకే నా లెక్క ఇది. మీ పాటకు ఏ మైకు కావాలో ఆలోచించండి, తొందర లేదు, పండగ ఆఫర్లు వస్తయి. కానీ ఈ ఆదివారమే ఫోను తీసుకుని మీ అవ్వ దగ్గరికి పోండి. టీవీ బంద్ చేయండి, ఫ్యాను బంద్ చేయండి, ఫోను జానెడు దూరంలో పెట్టి పాడమని అడగండి. రికార్డు చేసిన ఫైలును వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. అసలు ఫైలును ఇంకో రెండు చోట్ల దాచండి, పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. గౌహర్ జాన్ పాట చివర తన పేరు చెప్పుకున్నట్టు, అవ్వతోని కూడా ఆమె పేరు చెప్పించండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ రికార్డింగులో ఫ్యాను చప్పుడు ఎట్ల తీసెయ్యాలో చూద్దాం. ఉంట మరి, దోస్తులు.