దాసోజుకు దక్కని పేరు

సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. ఉలికీ సుత్తికీ బొట్టు పెట్టే రోజు. 2023లో ఆ మర్నాడే బేలూరు, హళేబీడు, సోమనాథపుర గుళ్లు యునెస్కో జాబితాకెక్కాయి. బేలూరు అనగానే మన నోట జక్కన్న పేరే వస్తుంది. నాకు మాత్రం ‘ఓజు’లు గుర్తొస్తారు.

సంస్కృతంలో ఉపాధ్యాయుడు ప్రాకృతంలో ఉవజ్ఝాయ అయ్యాడు, తెలుగుకొచ్చేసరికి ఒజ్జ, పేర్ల చివర ఓజ, ఓజు. ఉత్తరాది ఓఝా, ఝా కూడా ఈ కొమ్మలే. వీధిబడిలో అయ్యవారు దిద్దుకోమని రాసిచ్చే వరుసను ఒజ్జబంతి అనేవారు. బడిపంతులు మాట ఉలి పట్టినవాడికీ చెల్లింది. పట్టదకల్లు పాపనాథాలయం మీద 8వ శతాబ్దపు శిల్పి రేవడి ఓవజ్జ పేరు చెక్కి ఉంది. శిల్పం కూడా గురువు దగ్గర దిద్దుకోవలసిన విద్యే కదా! ఆ తర్వాతి మూడు నాలుగు శతాబ్దాలను ఒక్క గెంతులో దాటి బేలూరు వెళ్దాం.

హొయసల విష్ణువర్ధనుడు 1117లో చెన్నకేశవస్వామిని ప్రతిష్ఠించాడు. గుడి బలపపు రాయి. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనికలనే అందగత్తెల బొమ్మల గాజులూ గొలుసులూ అంత సన్నగా తేలాయి. ఒకతె అద్దం చూసుకుంటోంది. ఒకతె చిలకతో ముచ్చటాడుతోంది. ఇంకొకతె చీర కొంగును కోతి లాగుతుంటే కసురుకుంటోంది. కొన్ని బొమ్మల పాదాల దగ్గర చెక్కినవాళ్ల పేర్లున్నాయి: దాసోజ, చావణ, మల్లోజ, నాగోజ. వట్టి పేర్లతో సరిపెట్టలేదు, సాటి శిల్పులకు సవాలు విసిరే బిరుదులూ తగిలించుకున్నారు. వినయం వీళ్లకు పట్టని గుణం, నాకు నచ్చింది కూడా అదే! దాసోజది బళ్లిగావె, చావణ అతని కొడుకు. తండ్రివి నాలుగు మదనికలు, కొడుకువి ఐదు అని లెక్క.

ఇక జక్కన్న. ఆయన చెక్కిన విగ్రహానికి వాడిన రాతిలో దోషముందని ఓ కుర్రాడన్నాడట. అదే నిజమైతే చెయ్యి నరుక్కుంటానన్నాడు జక్కన్న. ఒళ్లంతా గంధం పూస్తే బొడ్డు దగ్గర తడి ఆరలేదు, అక్కడ ఉలి వేస్తే కప్ప గెంతింది. మాట ప్రకారం జక్కన్న కుడిచెయ్యి నరుక్కున్నాడు. ఆ కుర్రాడు తన కొడుకు డంకణే అని తర్వాత తెలిసింది. గొప్ప కథ, కానీ బేలూరు శాసనాల్లో జక్కన్న ఊసే లేదు. కథలో తండ్రిని కొడుకు ఓడిస్తే, రాతిమీద తండ్రీకొడుకులు ఒకే చూరు కింద పని చేశారు.

గెలిచింది కథే. 1964లో అక్కినేని ‘అమరశిల్పి జక్కన్న’గా తెరకెక్కాడు. ఇప్పుడు ఒక్కో షాటూ చెక్కుతాడని రాజమౌళిని జక్కన్న అంటున్నారు. దాసోజు అని ఎవరినీ అలా పిలవరు. ఓజు మాత్రం కట్టోజు, శ్రీరామోజు అంటూ తెలంగాణలో ఇంటిపేర్ల చివర నిలిచింది. ఆ ఇళ్లలో ఉలి పట్టేవాళ్లున్నారు, బంగారం పని చేసేవాళ్లున్నారు, కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లూ ఉన్నారు. చాలామంది పేరు చివర చారి అని ఉంటుంది. ఆచారి అన్నా ఆచార్యుడే, అంటే మళ్లీ పంతులుగారే.