డబ్బాలో వచ్చిన ఫ్యానా, విడిగా కొన్న కూలరా?

ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ దుకాణాల్లో ఒకప్పుడు లెక్కంతా ఖాతా పుస్తకాల్లోనే. 2005 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్, 2017 జులై 1న దేశమంతటా జీఎస్టీ వచ్చాక గల్లా పక్కన కంప్యూటర్ లేనిదే పని జరగడం కష్టమైంది. అక్కడి ధూళికీ, హైదరాబాద్ ఎండకీ ఆ యంత్రం తట్టుకోవాలి. అందుకే కొత్తది అసెంబుల్ చేయించేటప్పుడు ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే ఫ్యాన్ చాలా, విడిగా మంచి కూలర్ వేయించాలా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ఫ్యాన్ డబ్బాలోకి ఎలా వచ్చిందో తెలిస్తే జవాబు తేలిక.

మన నగరంలోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ 1967లో మొదలైంది. టీడీసీ-12 కంప్యూటర్‌ను 1969లో తెచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్ పెట్టాలంటే గదికే ఏసీ వేసేవారు. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్‌లో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లే. దానికి గాలి విసరాల్సిన అవసరం లేదు. 1985 నాటి 386 కూడా చాలావరకు నెత్తిన ఏమీ లేకుండానే నడిచింది. 1989లో వచ్చిన 486లో ట్రాన్సిస్టర్లు 12 లక్షలకు చేరాయి. 1992లో దాని వేగం 66 మెగాహెర్ట్జ్‌కు పెరిగేసరికి నెత్తిన వేడిని లాగేసే అల్యూమినియం రేకుల దిమ్మె, అంటే హీట్‌సింక్ పెట్టాల్సి వచ్చింది. 1993లో వచ్చిన మొదటి పెంటియం 5 వోల్టుల మీద నడుస్తూ 15 వాట్ల దాకా వేడి వదిలేది. అక్కడి నుంచి హీట్‌సింక్ మీద ఫ్యాన్ మామూలైపోయింది.

డబ్బా ప్రాసెసర్‌కు కంపెనీ సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇస్తుంది. అసెంబుల్ చేసేవారు ఏదో ఒక ఫ్యాన్ బిగించి చిప్ చెడిపోతే ఆ భారం కంపెనీ మీదే పడుతుంది. తన చిప్‌కు సరిపడే ఫ్యాన్‌ను తానే ఇవ్వడం కంపెనీకి క్షేమం. హీట్‌సింక్ లేకపోతే ఏమవుతుందో చూపిస్తూ 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు ఒక వీడియో తీశారు. నడుస్తున్న కంప్యూటర్ల హీట్‌సింక్‌లు ఊడదీస్తే ఇంటెల్ పోటీ సంస్థ ఏఎండీ చిప్ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికింది. ఇప్పటి ప్రాసెసర్లన్నిటిలో ఆ రక్షణ ఉంది. అందువల్ల వేడెక్కిన చిప్ నేడు కాలిపోదు, నెమ్మదిస్తుంది. ‘సిస్టం హ్యాంగ్ అవుతోంది’ అన్న ఫిర్యాదుకు కొన్నిసార్లు అసలు కారణం ఇదే.

2004 పెంటియం 4ల్లో కొన్ని 115 వాట్ల దాకా వెళ్లాయి. ఫ్యాన్‌కు అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదని ఇంటెల్ క్యాబినెట్లకు ప్రమాణం పెట్టింది. ఆ కాలపు క్యాబినెట్ల పక్క డోరుకు కనిపించే ప్లాస్టిక్ గొట్టం బయటి గాలిని నేరుగా ఫ్యాన్‌కు అందించడానికే. మేలో మన దగ్గర బయటి గాలే 40 దాటుతుంది!

ఈలోగా విడి కూలర్ల వ్యాపారమూ పెరిగింది. తైవాన్‌లో కూలర్ మాస్టర్ 1992లో, కొరియాలో జాల్‌మన్ 1999లో, ఆస్ట్రియాలో నాక్టువా 2005లో పుట్టాయి. వీటిలో నిలువుగా పొడుగ్గా ఉండే టవర్ కూలర్‌కు ప్రాణం హీట్‌పైప్. మూసిన రాగి గొట్టంలో తక్కువ పీడనంలో కొద్దిపాటి నీరు ఉంటుంది. చిప్ దగ్గర అది ఆవిరై పైకి వెళ్లి, రేకుల దగ్గర చల్లబడి, మళ్లీ కిందికి చేరుతుంది. 2015లో ఇంటెల్ 6600కె, 6700కె చిప్‌లను ఫ్యాన్ లేకుండానే అమ్మింది. ఏఎండీ మాత్రం 2016లో వ్రెయిత్ అనే మెరుగైన కూలర్‌ను డబ్బాలో పెట్టింది. 2022లో ఇంటెల్ కూడా తన డబ్బా కూలర్‌ను లామినార్ పేరుతో కొత్తగా తీర్చింది.

దుకాణంలో రెండేళ్లు ఊడదీయని కంప్యూటర్‌ను ఒకసారి విప్పి చూడండి. పైకి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తీస్తే కింద హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము మందంగా అట్టకట్టి ఉంటుంది, గాలి చొరబడే సందు ఉండదు. చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పేస్ట్ ఎండి పెళుసైపోయి ఉండొచ్చు. ఇంటెల్ ఫ్యాన్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి వదులైనా హీట్‌సింక్ ఓ పక్కకు లేస్తుంది. ఎదురెదురు మూలలు జతగా ‘టిక్’మనే దాకా నొక్కాలి. ఇవి చూడకుండా వేల రూపాయల కూలర్ కొన్నా అదే దుమ్ము దాన్నీ కమ్మేస్తుంది.

ఇక తీర్పు. కోర్ ఐ5-12400 లాంటి చిప్ మూల విద్యుత్ వినియోగం 65 వాట్లు, గరిష్ఠం 117. బిల్లులు, ట్యాలీ, ఈ-మెయిళ్లు దాన్ని ఆ గరిష్ఠంలో ఎక్కువసేపు ఉంచవు. దానికి డబ్బా ఫ్యానే చాలు. గంటల తరబడి వీడియో ఎడిటింగ్, త్రీడీ పని చేసేవారికి టవర్ కూలర్ పెట్టుబడి దండగ కాదు. 253 వాట్ల దాకా వెళ్లే ఐ9-13900కె డబ్బాలో ఫ్యానే రాదు, అక్కడ పెద్ద కూలర్ తప్పదు. కొనేముందు క్యాబినెట్ లోపలి కొలత చూసుకోండి, కూలర్ మాస్టర్ టవర్ కూలర్ హైపర్ 212 ఎత్తే సుమారు 16 సెంటీమీటర్లు. ఉస్మాన్‌గంజ్ వ్యాపారులకు నా మాట ఒక్కటే: ఏటా ఎండలు ముదరకముందే బ్లోయర్ కొట్టించండి, పేస్ట్ మార్పించండి, క్యాబినెట్‌ను నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద పెట్టించండి. ఆ తర్వాత కూడా నెమ్మదిస్తేనే కొత్త కూలర్‌కు డబ్బు తీయండి.