కెనడా రుణభారం తగ్గింపు

1990ల మధ్యలో కెనడా ఫెడరల్ ప్రభుత్వం ఖర్చుల్లో కోత పెట్టి, పన్నుల పద్ధతి మార్చి అప్పుల ఊబి నుంచి బయటపడిన ఉదంతం ఇది. పాతికేళ్లకు పైగా వరుస లోటు బడ్జెట్లతో పేరుకున్న అప్పు 1995-96 నాటికి జీడీపీలో మూడింట రెండు వంతులకు చేరింది. ఖజానాకు వచ్చే ఆదాయంలో దాదాపు మూడో వంతు వడ్డీలకే పోయేది.

పన్నుల సంస్కరణ అంతకుముందే మొదలైంది. 1991లో బ్రయాన్ మల్రోనీ ప్రభుత్వం తయారీ సరుకులపై 13.5 శాతం పన్ను ఎత్తేసి, దాని స్థానంలో 7 శాతం జీఎస్టీ తెచ్చింది. జనం మండిపడ్డారు. 1993 ఎన్నికల్లో అధికార పార్టీ రెండే సీట్లకు పడిపోవడానికి ఇదీ ఒక కారణం. జీఎస్టీని మార్చేస్తామని చెప్పి గెలిచిన లిబరల్ పార్టీ చివరికి ఆ పన్నునే కొనసాగించింది.

అసలు కోత పడింది ఆర్థిక మంత్రి పాల్ మార్టిన్ 1995 ఫిబ్రవరి బడ్జెట్‌లో. ఈ పని ప్రభుత్వమే చేయాలా, రాష్ట్రాలకో ప్రైవేటు వారికో వదిలేయొచ్చా అని ప్రతి శాఖా తేల్చుకోవలసి వచ్చింది. 45,000 ప్రభుత్వోద్యోగాల తగ్గింపు ప్రకటించారు. పశ్చిమ రాష్ట్రాల రైతుల ధాన్యం రైలు రవాణాకిచ్చే రాయితీ ఆగిపోయింది. కెనడియన్ నేషనల్ రైల్వేను అమ్మేశారు.

1997-98లో మిగులు కనిపించింది. వడ్డీ రేట్లు తగ్గడం, అమెరికాకు ఎగుమతులు పెరగడం బాగా కలిసొచ్చాయి. ఈ ఘనతలో రాష్ట్రాల త్యాగాన్ని తక్కువ చేయకూడదు: ఆరోగ్యం, విద్య, సంక్షేమాలకు కేంద్రం ఇచ్చే నిధులు తగ్గడంతో ఆ దెబ్బ ఆస్పత్రుల మీద పడింది. 2008-09 నాటికి ఫెడరల్ అప్పు జీడీపీలో 30 శాతం లోపుకు దిగింది.