లువార్ గట్టు మీద సైకిల్ దారి

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంబడి సాగే సైకిల్ దారి చాలాచోట్ల ఏటిగట్టు మీదుగానే పోతుంది. ఆగస్టులో ఒక పక్క ఇసుక మేటల నడుమ మోకాలి లోతు నీళ్లు పాయలు పాయలుగా పారుతుంటాయి. రెండో పక్క, దారికి బాగా దిగువన, ఊళ్లూ తోటలూ ఉంటాయి. ఇంత కాస్త నీటికి ఏడు మీటర్ల గట్టు ఎందుకని కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపోతారు. గోదావరి జిల్లాల వారికి ఆ సందేహం రాదు. ఎండాకాలపు ఏరును చూసి శ్రావణమాసపు ఏరును అంచనా వేయకూడదని వారికి చిన్నప్పుడే తెలుసు.

లువార్ ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్లకు కాస్త పైనే. ఆగ్నేయాన ఆర్దెష్ కొండల్లో పుట్టి, ఉత్తరంగా సాగి, ఓర్లియాన్ దగ్గర పడమరకు తిరిగి అట్లాంటిక్‌లో కలుస్తుంది. నెవేర్ పక్కనున్న క్యుఫీ ఊరి నుంచి సముద్రపు ఒడ్డు దాకా, దాదాపు 900 కిలోమీటర్ల మేర, ‘లా లువార్ ఆ వేలో’ అనే ఈ దారి ఉంది. రెండు ప్రాంతీయ ప్రభుత్వాలు 1990లలో తలపెట్టి ముక్కలు ముక్కలుగా కలుపుకుంటూ వచ్చాయి. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా వెళ్లే యూరోవేలో 6 మార్గంలో ఇది పడమటి భాగం. ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. కొంతదూరం తారు, కొంతదూరం కంకర, మిగతాది కార్లు అరుదుగా తిరిగే పల్లె రోడ్లు. దారి పొడుగునా ఉన్న రాజుల కోటల సంగతి ఏ గైడు పుస్తకమైనా చెబుతుంది. సుల్లీ, షలోన్ ఊళ్ల మధ్య లోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందన్నది చాలు.

గట్టు కథ కోటల కంటే పాతది. 12వ శతాబ్దంలో ఆంజూ ప్రాంతానికి ప్రభువు, ఇంగ్లండుకు రాజు అయిన రెండో హెన్రీ, గట్ల మీద కాపురముండి వాటిని కాపాడేవారికి సైనిక సేవ నుంచి మినహాయింపు ఇచ్చాడు. అప్పటివి మట్టీ కొయ్య గుంజలతో కట్టిన తక్కువ ఎత్తు కట్టలు. వాటి వెనుక బాడవ నేలలు సాగులోకి వచ్చాయి, ఊళ్లు వెలిశాయి. ఊళ్లను కాపాడటానికి గట్టు పెంచారు, గట్టును నమ్ముకుని ఊళ్లు పెరిగాయి. 17వ శతాబ్దంలో 14వ లూయీ మంత్రి కోల్బేర్ ఈ పనిని రాజ్యపు ఇంజనీర్ల చేతికి అప్పగించాడు. నీరు ఎన్నటికీ దాటలేని గట్టు కట్టాలన్నది వారి పట్టుదల. నదిని ఎంత ఇరుకున పెడితే అది అంత పైకి లేస్తుందని తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ సంగతి 1846, 1856, 1866 వరదలు తేల్చాయి. ఇరవై ఏళ్లలో మూడు మహా వరదలు. 1856 జూన్‌లో గట్టుకు సుమారు 160 చోట్ల గండ్లు పడ్డాయి. మూడో నెపోలియన్ చక్రవర్తి స్వయంగా ముంపు ప్రాంతాలకు వచ్చాడు. తర్వాత కొమోయ్ అనే ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు: గండి ఎలాగూ తప్పదు గనుక, అది ఎక్కడ పడాలో మనిషే ముందుగా నిర్ణయించాలి. ఎంచుకున్న చోట్ల గట్టు ఎత్తు తగ్గించి, రాతితో పటిష్ఠం చేసి, పైన సులువుగా కొట్టుకుపోయే మట్టి కట్ట పోశారు. నీరు ప్రమాదపు మట్టం దాటితే ఆ మట్టి పోయి, వరద నిర్ణయించిన పొలాల్లోకే మళ్లుతుంది. తలపెట్టిన వాటిలో కొన్నే పూర్తయ్యాయి. ఓర్లియాన్‌కు ఎగువన జార్జో దగ్గర ఒకటి ఉంది. పొలాలకు చెప్పకుండా వాటి నుదుటిరాత రాసేసిన ఈ ఏర్పాటులో తెలివి ఎంతో నిష్ఠూరమూ అంతే. బ్లువా పట్టణంలో అలాంటి పాత అలుగుకు ఎదురుగా వెలిసిన పేటను 2000 తర్వాత స్థానిక ప్రభుత్వమే కొని, ఇళ్లు కూల్చి, నీటికి దారి వదిలింది. 1866 నాటి స్థాయి వరద నడిమి లువార్‌కు మళ్లీ రాలేదు. రాదని ఎవరూ అనరు.

ఊళ్లలో రేవు గోడల మీద, ఇంటి మూలల మీద రాతిలో చెక్కిన అడ్డగీతలు కనిపిస్తాయి, పక్కన సంవత్సరం. సైకిల్ దిగి నిలుచున్న మనిషి తల కంటే ఎత్తున ‘1856’ ఉండటం మామూలే. ఆంజే దగ్గరున్న బేయువార్ అచ్చంగా లంక గ్రామం. నూరు గడప కూడా లేని ఆ ఊరు ఏటి మధ్యలో, గట్టు రక్షణ లేకుండా ఉంటుంది. పాత ఇళ్లకు వీధి నుంచి మెట్లెక్కి వెళ్లాలి. నడుమ బండరాయి మీద చిన్న చర్చి ఉంది. నీటి గండం నుంచి బయటపడిన 11వ లూయీ 15వ శతాబ్దంలో మొక్కు తీర్చుకోవడానికి కట్టించాడు. నీళ్లొస్తే సామాను అటకెక్కించి, పడవ సిద్ధం చేసుకుని, తీసిపోయాక బురద కడుక్కోవడం ఊరివారికి అలవాటు. ఫ్రాన్స్ అనగానే తెలుగువారికి తట్టే యానాం కూడా గోదావరి ఒడ్డుదే. అక్కడి ముసలివారిని తెచ్చి బేయువార్ వీధిలో నిలబెడితే భాష ఒక్కటే కొత్త అవుతుంది.

రైలు రాకముందు ఈ నదే రహదారి. సముద్రం వైపు నుంచి వీచే పడమటి గాలిని చతురస్రపు తెరచాపలో పట్టి, అడుగు చదునుగా ఉండే పడవలు ఎగువకు ఎక్కేవి, ప్రవాహంతో దిగేవి. సముద్రానికి దగ్గరున్న నాంత్ నుంచి ఉప్పు పైకి, ఎగువ నుంచి ద్రాక్షసారా కిందికి. ఎగువ కొండల దేవదారుతో చేసిన పడవలు ఒక్కసారి దిగేవి, సరుకు దించాక వాటినే విప్పి కలపగా అమ్మేసేవారు. సోమ్యూర్ దగ్గరి తెల్లని సున్నపురాయి కూడా పడవల మీదే పోయింది. రంపంతో కోయగలిగేంత మెత్తని రాయి అది. తవ్వగా మిగిలిన గుహల్లో కొన్నిటిని ఇళ్లుగా చేసుకున్నారు, కొన్నిటిలో పుట్టగొడుగులు పెంచారు. సైకిల్ దారి కొన్నిచోట్ల ఆ గుహల గుమ్మాల ముందు నుంచే పోతుంది. పారిస్ నుంచి రైలు 1843లో ఓర్లియాన్‌కూ, 1846లో టూర్‌కూ, 1851లో నాంత్‌కూ చేరింది. పడవల బతుకు అంతటితో ముగిసింది. తర్వాత కార్లు వచ్చి చిన్న రైలు మార్గాలను మూయించాయి. షినోన్, రిషెల్యూ ఊళ్ల మధ్య పట్టాలు తీసేసిన కట్ట ఇప్పుడు సుమారు 20 కిలోమీటర్ల సైకిల్ బాట.

లువార్‌ను ఐరోపాలో మిగిలిన అడవి నది అంటారు. అది సగమే నిజం. బెల్‌విల్ నుంచి షినోన్ దాకా నాలుగు అణు విద్యుత్ కేంద్రాలు ఈ నీటి మీద ఆధారపడి ఉన్నాయి. వాటి కోసం ఎండాకాలంలో ఎగువ జలాశయాల నుంచి నీరు వదులుతారు. అయితే మరో పెద్ద ఆనకట్టకు ఇక్కడి జనం ఒప్పుకోలేదు. ల ప్యుయి పట్టణానికి ఎగువన సేర్ ద లా ఫార్ వద్ద ప్రతిపాదించిన ఆనకట్ట స్థలంలో 1989 నుంచి ఉద్యమకారులు తిష్ఠవేశారు. 1994లో ప్రభుత్వం విరమించుకుంది. ఉపనది వియెన్ మీద మెజోఁ రూజ్ ఆనకట్టను ఆ దశాబ్దం చివర పగలగొట్టారు కూడా. ధవళేశ్వరం ఆనకట్టతో అన్నం తినడం నేర్చిన నేలలో, కాటన్ దొరకు దండలు వేసే ఊళ్లలో, ఇది ఒక పట్టాన మింగుడుపడే వార్త కాదు. ఆనకట్ట పగలగొట్టడానికి కారణాల్లో ముఖ్యమైనది చేప. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదే అలోజ్ అనే చేప పులసకు దగ్గరి చుట్టం. అదే రుచి, అవే లెక్కలేనన్ని ముళ్లు. పులస ఎదురీత ధవళేశ్వరంతో ఆగిపోయినట్టే అలోజ్ దారీ ఆనకట్టల దగ్గర ఆగింది. మెజోఁ రూజ్ పోయాక అది మళ్లీ ఎగువకు ఎక్కింది. లువార్ వంటింట్లో దీన్ని చుక్కకూర జాతి పుల్లాకుతో వండుతారు, పులుపుకు ముళ్లు మెత్తబడతాయని నమ్మకం. పులసలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, రాత్రంతా ఉంచి మర్నాడు తినేవారికి ఈ వంట బాగానే ఉంటుంది, సగంలో దించేసినట్టూ ఉంటుంది. మట్టి దాక లేకపోవడం పెద్ద లోటు.

సైకిల్ మీద ఊళ్లు చూసే అలవాటు ఫ్రెంచివారిలో ఈమధ్య పుట్టింది కాదు. 1893లోనే సైకిళ్ల మీద పన్ను వేశారు. 1890లో స్థాపించిన టూరింగ్ క్లబ్ సైకిల్ యాత్రికుల సంఘంగానే మొదలైంది. సేంట్ ఎతియెన్ పట్టణపు పాల్ ద వివీ, వెలోసియో అన్న కలం పేరుతో, పందేలకు కాక దూర ప్రయాణానికి సైకిల్‌ను సమర్థించి గేర్ల కోసం జీవితమంతా పోరాడాడు. అసలు జనం కదిలింది 1936లో. లియోన్ బ్లూమ్ ప్రభుత్వం కూలీలకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. కారు కొనలేని జంటలు ఇద్దరు తొక్కే సైకిళ్లకు గుడారం కట్టుకుని బయలుదేరారు. ఊరి పంచాయతీలు నడిపే చవక గుడారపు స్థలాలు ఈ దారి పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

ప్రయాణికులు తెలుసుకోవలసినవి కొన్నే. మధ్యాహ్నం పల్లె దుకాణాలు మూతపడతాయి. రొట్టెల అంగళ్లు చాలా ఊళ్లలో సోమవారం తెరవరు. నీళ్లకు సులువైన చోటు శ్మశానం. పూలకుండీలకు నీళ్లు పోయడానికి గేటు పక్కన కుళాయి ఉంటుంది. తాగరాదని బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు. ఊరి నడుమ 1914–18 యుద్ధ మృతుల స్తంభం మీద ఒకే ఇంటిపేరు మూడు నాలుగు సార్లు రావడం చూస్తే, ఇంత చిన్న ఊరికి అన్ని పేర్లా అనిపిస్తుంది. ఎగువ నుంచి బయలుదేరినవారికి పడమటి గాలి ముఖాన కొడుతుంది. వేసవిలో ఓర్లియాన్, నాంత్ మధ్య తిరిగే కొన్ని రైళ్లలో సైకిళ్లకు ప్రత్యేక చోటు ఇస్తారు కాబట్టి, అనుభవమున్నవారు ముందు రైల్లో నాంత్ చేరి అక్కణ్ణుంచి ఎగువకు తొక్కుతారు.